పూయని కంచె

గాలిగవని కనుమ ఎక్కేసరికి కంచరగాడిదకు నురగలు వచ్చాయి గానీ, మణికేతుడికి చెమట కూడా పట్టలేదు. దాని మీంచి దూకి, పగ్గం ఎదురుగా ఉన్న చెట్లకంచెకు తగిలించి, అప్పుడే "ఇక్కడ పని ఎప్పుడవుతుంది, మళ్లీ ఎప్పుడు బయలుదేరదాం" అన్నట్టు నాలుగు దిక్కులూ చూశాడు. మనిషి తీరే అంత. తుషారపురి రాకుమారుడై పుట్టి, హంసతూలికా తల్పం మీద పట్టుమని ఒక ఘడియ కుదురుగా పడుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు మొక్కల బేరగాడి వేషం కట్టాడు. తలకు ముతక పాగా, ఒంటికి చిల్లుల కంబళి, గాడిదకు చెరోవైపు వెదురుగంప, ఒక గంప అడుగున గడ్డి కింద కత్తి. ఇంత వేషం వేసినవాడు నడక మార్చుకోవద్దూ? బేరగాడు ఎక్కడైనా సేనాపతిలా నడుస్తాడా? చెప్పినా వినడు.

మొలలో దాచిన ఉసిరికాయంత స్ఫటికాన్ని తీసి చూశాడు. అందులో చెల్లెలు కువలయ కనిపించింది. అంతఃపురపు కిటికీ పక్కన నిలబడి ఉంది. నిలబడి ఉండడమే, కూర్చోలేదు, కదల్లేదు. పాదాల దగ్గర మొదలైన మంచు మోకాళ్లు దాటి నడుము దాకా గడ్డకట్టింది. శిశిరాక్షుడనే మాంత్రికుడు ఆమెను పెళ్లాడతానని వచ్చాడు, "నీ మొహం చూస్తేనే చలేస్తోంది" అని ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వుకు వాడిచ్చిన శాపం అది.

"అన్నయ్యా, ఇంకా తిరుగుతూనే ఉన్నావా?" అంది కువలయ స్ఫటికంలోంచి. "నాకేమో కాళ్లు కదలవు, నీకేమో కాళ్లు ఆగవు. బ్రహ్మదేవుడు మనిద్దరికీ పంపకం సరిగ్గా చెయ్యలేదు. నువ్వు ఒక్కచోట నిలబడితే కళ్లారా చూడాలని ఉంది."

"వస్తున్నా తల్లీ, వచ్చేస్తున్నా," అని అతను స్ఫటికాన్ని గబుక్కున మొలలో దోపుకున్నాడు. ఇంకాసేపు చూస్తే ఏడుపొచ్చేలా ఉంది.

శాపానికి విరుగుడు లేకపోలేదు. తుషారపురి నేలలో, తుషారపురి చలిలో కాసిన పుల్లకెంపు పండు రసం కువలయ నాలుకకు తగిలితే మంచు కరుగుతుందని రాజగురువు చెప్పాడు. పుల్లకెంపంటే మరేం కాదు, మైదానాల వాళ్లు చెర్రీ అని తింటారే, దానికి పెడసరపు పెద్దక్క. ఎర్రగా, గుండ్రంగా, చూడ్డానికి ముద్దొస్తుంది. నోట్లో వేసుకుంటే మాత్రం పుల్లదనానికి చెవులు కదులుతాయి. తుషారపురిలో ఆ చెట్లు లేక కాదు. ఏటా పూసేవి, ఏటా పూత మాడేది, ఒక్క కాయ నిలిచేది కాదు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. చలికి ఆగే రకం ఏదో తేల్చుకుని, మొగ్గలున్న మొక్కను వేళ్లతో సహా తెచ్చి నాటితే ఈ వేసవికి నాలుగు కాయలు చూడొచ్చు. ఈ ఏడు కాయకపోతే వచ్చే ఏటికి మంచు కువలయ గొంతు దాటుతుంది. ఇక అప్పుడు కాయలు ఎవరి కోసం?

అందుకే కొండలన్నీ గాలించి, పేరుమోసిన రెండు రకాల మొక్కలు సంపాదించి, గంగసాని దగ్గరికి తెచ్చాడు. ఆ కొండల్లో ఎవరికి కొత్త పుల్లకెంపు మొక్క దొరికినా గంగసానికి చూపించాల్సిందే. ఆమె మంచిదంటే మంచిది, కాదంటే పొయ్యిలోకే. కనుమ మీద ఆమె తోట. చుట్టూ ఎర్రరాతి శిఖరాలు, వాటి తలల మీద ఎండకు తళతళలాడే మంచు, కింద లోయలో పలచటి పొగమంచు, మధ్యలో వరసలు తీరిన చెట్లు. ఆ తోటకు నలువైపులా కంచె. కంచెకు ఆకు లేదు, పువ్వు లేదు. తినడానికి ఏమీ దొరక్క గాడిద ఇకిలించింది.

గంగసాని గుడిసెలోంచి బయటికొచ్చింది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. తలకు ఎర్రపాగా చుట్టుకుని ఉంది.

"యాడినుంచప్పా?"

"తూర్పులోయ నించి అవ్వా. రెండు రకాలు తెచ్చాను. తొందరగా చూసి చెప్పు, నేను పోవాలి."

"తొందరంటే చెట్టు ఇంటాదా? కూసో."

"పర్లేదు, నిలబడతా."

"నిలబడితే నిలబడు గానీ అట్లా గానుగెద్దు మాదిరి తిరగొద్దు సామీ. నాకు కండ్లు తిరుగుతాండాయి."

ఒక గంపలో 'ఎర్రముత్యం', రెండో గంపలో 'నల్లరత్నం'. గంగసాని మొక్కలను చూడనే లేదు, ముందు పండు అడిగింది. అతను వెంట తెచ్చిన ఎండుపళ్లు ఇచ్చాడు. ఆ తోటలో ఒక పద్ధతి ఉంది. రుచి చూసేవాళ్లు కళ్లు మూయకుండా నమలాలి. కళ్లు మూసుకుంటే పులుపును తప్పించుకున్నట్టే లెక్క, తీర్పు చెల్లదు. గంగసాని ఎర్రముత్యాన్ని రెప్ప వెయ్యకుండా నమిలింది. "పులుపు మీద తీపి తగులుతాంది. మేలైందే," అంది. నల్లరత్నం రసాన్ని తెల్లగుడ్డ మీద పిండి, "రంగు బాగుండాది, నాలిక్కే వగరు," అంది. "నువ్వూ తినప్పా, అమ్మేటోడివి కదా!"

మణికేతుడు ఒకటి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూయలేదు గానీ అవి రెండూ ధారాపాతంగా కారాయి. ఎన్నో యుద్ధాల్లో ఆరితేరిన వీరుడు! గంగసాని పొట్ట పట్టుకుని నవ్వింది.

తరవాత చలిపరీక్ష. తోట వెనక ఒక గుహ ఉంది. అందులో ఎప్పటిదో పాతమంచు, వేసవిలో కూడా కరగదు. మొక్కలను గంపలతో సహా అందులో పెట్టి తలుపు మూశారు. మూసిన క్షణం నుంచి మణికేతుడు కాలుగాలిన పిల్లిలా గుహ ముందు అటూ ఇటూ తిరిగాడు. తిండి తింటూ తిరిగాడు, నిద్రలో కూడా కాళ్లు ఆడించాడు. గుహ ముందు గడ్డి అరిగి నేల బయటపడింది. చివరికి గంగసాని తలుపు తీసి, ఒక్కో కొమ్మ నుంచి ఒక్కో మొగ్గ గిల్లి, చిన్న కత్తితో నిలువునా చీల్చింది.

"ఇట్లా సూడు. నడిమి సుక్క పచ్చగా ఉంటే బతికినట్టు. మట్టిరంగు తిరిగితే సచ్చినట్టు."

నల్లరత్నంలో అక్కడక్కడ మట్టిరంగు. ఎర్రముత్యం మొగ్గలన్నీ లోపల చిలకపచ్చ. మణికేతుడు ఎగిరి గంతేశాడు. "అయితే ఇదే! అవ్వా, నీ మేలు మరిచిపోను. నేను బయలుదేరతా!"

"ఆగప్పా, ఆగు! పూత సూడందే యాడికి పోతావు? గంపలు తోటలో పెట్టు. ఏ చెట్టు ముందు పూస్తే దాన్ని తెచ్చినోడికి పూలపాగా కడతాం. మా తాతల కాడి నుంచి అంతే. ముందు పూసిందాన్నే నాటుకుంటాం, దాన్నించే అంటు కడతాం. ఈ పాగా నాకట్లనే వచ్చింది."

"మరి ఈ కంచె? ఇదీ పుల్లకెంపేనా?"

"అదా? అది మొద్దుదప్పా! లోకమంతా లేసినంక లేస్తాది. పాగా తెచ్చే మొగమేనా అది? పిలకలు మాత్రం ఇరగ్గా ఏస్తాది, అందుకే కంచెకు పెట్టినాం. దాని కాయ ఎవరూ తినేది ల్యా, పిట్టలకే."

అంతలో కొండదారిన ఒక విసనకర్రల వ్యాపారి వచ్చాడు. ఆ చలిలో! పళ్లు టకటకలాడే చోటికి విసనకర్రలా! చుట్టుపక్కల గుడిసెల వాళ్లంతా వచ్చి పగలబడి నవ్వారు. వ్యాపారి బక్కపలచని ముసలాడు, భుజాన రెండు తోలుతిత్తులు వేలాడుతున్నాయి. "నవ్వండి బాబూ, నవ్వండి. కాసేపటికి మీరే అడుగుతారు," అని ఎడమ తిత్తి మూతి కొంచెం వదులు చేసి ఒక బండ మీద చతికిలబడ్డాడు.

గాలి తిరిగింది. ముందు కంబళ్లు బరువనిపించాయి, తరవాత ఉక్కపోసింది. చూరు మీది మంచు చినుకుల్లా కారింది. నిద్రపోతున్న తోట ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంది. మొగ్గలు ఉబ్బాయి, పగిలాయి, కొమ్మకొమ్మకూ తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా దిగాయి. తేనెటీగలు ఎక్కడినుంచి వచ్చాయో గుయ్యిమన్నాయి. అన్నిటికంటే ముందు పూసింది మణికేతుడి గంపలోని ఎర్రముత్యమే. జనం డప్పులు తెచ్చారు. వేసుకున్న కంబళ్లు విప్పి గాల్లోకి విసిరారు. గంగసాని తన తల మీది ఎర్రపాగా తీసి, పూలు చెక్కి, మణికేతుడి తలకు చుట్టింది.

"గెలిస్తివప్పా!" అంది.

మణికేతుడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. స్ఫటికం తీసి, "కువలయా, దొరికింది!" అని కేక పెట్టాడు. ఆ కేక విని విసనకర్రల ముసలాడు లేచాడు. లేస్తూ లేస్తూ తాటిచెట్టంత పెరిగాడు. ముడతలు రాలిపోయాయి, కళ్లు తెల్లటి మంచుగడ్డలయ్యాయి.

"దొరికిందా మణికేతూ? చూడనీ," అన్నాడు శిశిరాక్షుడు. కుడి తిత్తి మూతి విప్పాడు.

అబ్బా, అది చలి కాదు, చావు! ఒక్క ఊపిరిలో తోట తెల్లబోయింది, రెండో ఊపిరిలో నల్లబడింది. పూలు కొమ్మల మీదే ఉడికిన ఆకుకూరలా వాడి వేలాడాయి. తేనెటీగలు రాళ్లలా టపటపా రాలాయి. విప్పేసిన కంబళ్ల కోసం జనం ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. గంగసాని మాత్రం కంబళి తీసుకోలేదు. మాడిపోయిన చెట్ల మధ్య నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"తుషారపురిలో ఏటా ఇదే చేశాను," అని మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "మీరు ముందు పూసే చెట్లనే ముద్దు చేసి పెంచుతుంటే నాకిక కష్టమేముంది? నాలుగు రోజులు వేడి, ఒక్క రోజు చలి. నా పని మీరే సగం చేసిపెట్టారు!"

మణికేతుడికి ఒళ్లు మండిపోయింది. గంప అడుగునుంచి కత్తి లాగి ఒక్క దూకు దూకాడు. శిశిరాక్షుడు గొడుగులా గిర్రున తిరిగి పైకి లేచాడు. కత్తి వాడి మెడకు తగల్లేదు గానీ కుడి తిత్తికి తగిలింది. తోలు పర్రున చిరిగింది. లోపలున్న చలి అంతా ఒక్కపెట్టున బయటపడింది. గుడిసె కప్పు పెటపెట పగిలింది, బావిలో నీళ్లు గడ్డకట్టి పైకి ఉబ్బాయి, కత్తి చేతికి అతుక్కుపోయింది. శిశిరాక్షుడి గడ్డం కూడా గడ్డకట్టి, వాడు కేకలు పెడుతూ శిఖరం చాటుకు ఎగిరిపోయాడు.

అంతా సద్దుమణిగాక చూస్తే ఏముంది? ఎర్రముత్యం కాండమే నిలువునా చీలిపోయింది. తిత్తి చిరిగిన దెబ్బకు, స్ఫటికంలో మంచు కువలయ నడుము దాటి పక్కటెముకల దాకా ఎక్కి ఆగింది.  

"అవ్వా, నీ పాగాలు నా చెల్లెలి ప్రాణం తీశాయి!" అని, మణికేతుడు శాపం సంగతంతా కక్కేశాడు.

"నాదీ తప్పే, నా అబ్బదీ తప్పే, ఇప్పుడేం జెయ్యమంటావు?" అని ముసల్ది కూడా కసిరింది. కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారుతున్నాయి. "ఒగ చెట్టన్నా మిగల్లేదు కదరా నాయనా!"

ఈ గోలలో గాడిద మళ్లీ ఇకిలించింది. ఆకలేసి పగ్గం తెంపుకోబోతోంది. వేడిగాలి వీచినంతసేపూ దానికి ఎవరైనా గడ్డి వేస్తే కదా! కంచెకు కట్టేసి ఉంది, కంచెలో ఆకు ముక్క లేదు. "నీకిప్పుడే వచ్చిందా?" అని మణికేతుడు విసురుగా వెళ్లి, దాన్ని అదిలించడానికి కంచెలోంచి ఒక పుల్ల విరిచాడు.

విరిచి ఆగాడు.

ఆకు ముక్క లేదు. లోకమంతా పూసినప్పుడు కూడా లేదు! పుల్ల మీద మొగ్గలు గట్టిగా, పొలుసులు బిగించుకుని, ఎవరొచ్చి తలుపు తట్టినా తియ్యనన్నట్టు మూసుకుని ఉన్నాయి. ఒకటి గిల్లి కత్తిమొనతో చీల్చాడు. పచ్చ. ఇంకోటి చీల్చాడు. పచ్చ. తిత్తి పగిలిన చోటికి ఆనుకుని ఉన్న కొమ్మలో కూడా పచ్చే!

"అవ్వా! ఇటు రా! నీ మొద్దుది చూడు!"

గంగసాని వచ్చి చూసింది. పచ్చచుక్కను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తరవాత గబగబా గుడిసెలోకి పోయి గునపం తెచ్చింది. "మాట్లాడద్దు, తవ్వు," అంది. ఇద్దరూ కలిసి, మొగ్గలు దండిగా ఉన్న నడుమెత్తు పిలకను తల్లివేరు నుంచి తెంచి, వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా కంబళిలో చుట్టారు.

"జాగరతగా ఇను," అంది గంగసాని అతని రొమ్ము మీద వేలు పెట్టి. "ఇది ఇంగా నిద్దర్లో ఉండాది. ఇట్లనే మీ ఊరికి చేరాల. వాడి చేతిలో చలితిత్తి పోయింది, వేడితిత్తి ఉండాది. దారెమ్మడి వేడి ఊది దీన్ని లేపుతాడు. దారిలో పూసిందా, మీ ఊరి చలికి పూత మాడుతుంది, నీ చెల్లెలికి కాయ లేదు. వెచ్చగా ఉంటాదని ఒళ్లో పెట్టుకునేవు! లోయదారి దగ్గరే గానీ పోవద్దు. మంచుగట్టు మీద పో. కంచె లేవకుండా దానికి నేను మంచు కప్పుతా, నువ్వు పో!"

మణికేతుడు మొక్కను చేతులు చాచి ఒంటికి దూరంగా పట్టుకుని మంచుగట్టు మీదికి పరుగెత్తాడు. ఇంతకాలం ఊరికే తిరిగిన కాళ్లకు ఇప్పుడొక పని దొరికింది. ఎడమ పక్క పాతాళం, కుడి పక్క నున్నటి మంచుగోడ, కాలు పెట్టేంత దారి. వెనకనుంచి గోరువెచ్చటి గాలి మెడకు తగిలింది. తిరిగి చూడలేదు. చూడనక్కర్లేదు, శిశిరాక్షుడి నవ్వు వినిపిస్తూనే ఉంది.

"నిన్ను చంపను మణికేతూ! మీ చెల్లెలు బండ అయ్యేదాకా నువ్వు బతికుండి చూడాలి!"

కాళ్ల కింద మంచు మెత్తబడింది. మోకాలి దాకా దిగబడుతోంది. ఇంకో అడుగు వేసేలోగా గట్టుకు గట్టే కదిలి, ఉరుములాంటి చప్పుడుతో కిందికి జారింది. మణికేతుడు మొక్కను నెత్తిమీద ఎత్తి పట్టుకుని వీపు మీద జారాడు. బండలు పక్కనుంచి దూసుకుపోయాయి. పాగా ఊడింది, చెప్పులు ఊడాయి, మోచెయ్యి చీరుకుపోయింది. లోయ అడుగున ఇసుకలో దబ్బున పడి, ముందుగా మొక్కను చూసుకున్నాడు. వేళ్లమట్టి చెదరలేదు. కొమ్మ విరగలేదు.

కానీ లోయలో వసంతం వచ్చేసింది. అటు చూస్తే గడ్డి, ఇటు చూస్తే పూలు. పక్షులు కూడా కూస్తున్నాయి. ఎన్నాళ్లుగానో చలికి వణికిన ఒళ్లు హాయిగా వదులైంది. ఆ హాయికి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో మొక్క చివరి మొగ్గ ఉబ్బింది. పొలుసులు విడుతున్నాయి. సందులోంచి సూదిమొనంత తెల్లదనం తొంగి చూస్తోంది.

ఎటు పరుగెత్తాలి? ఎటు పరుగెత్తినా వేడే! అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేసి గిలగిలలాడాడు. అప్పుడు వినిపించింది నీళ్ల చప్పుడు. పైన మాంత్రికుడి వేడికి కరిగిన మంచంతా ఏరై లోయలోకి దూకుతోంది. నీలంగా, నురగలతో, ఆవిరి కూడా లేనంత చల్లగా.

మణికేతుడు ఆలోచించలేదు. ఏట్లోకి దిగాడు.

పాదాలు తిమ్మిరెక్కాయి. మోకాళ్లు మొద్దుబారాయి. నీళ్లు నడుము దాకా వచ్చేసరికి నడుము కింద కాళ్లున్నాయో లేవో తెలియలేదు. మొక్కను కొమ్మలతో సహా నీళ్లలో ముంచి, రెండు చేతులతో పట్టుకుని, బండకు వీపు ఆనించి నిలబడ్డాడు. మొగ్గ అక్కడే ఆగింది. మూసుకోలేదు, విచ్చుకోలేదు.

శిశిరాక్షుడు ఏటిగట్టు మీద దిగి, తిత్తి ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు. "ఆహా! వీడి తిత్తి పగలగొట్టాను, వీణ్ణి గెలిచానని సంబరపడ్డావు కదూ. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా ఒకచోట నిలబడ్డావా? నా తిత్తి నిండా ఉంది. నీ కాళ్లు ఎంతసేపు ఆగుతాయో నేనూ చూస్తాను," అని మూతి పూర్తిగా విప్పాడు. గట్టున పచ్చగడ్డి అప్పటికప్పుడు ఎండి గలగలలాడింది. పైన మంచు ఇంకా కరిగింది. ఏరు ఇంకా పొంగింది. వాడు వేడి ఊదేకొద్దీ మంచునీళ్లు మణికేతుడి రొమ్ము దాకా ఎక్కాయి, మొగ్గ మాత్రం కదల్లేదు.

కాళ్లు పరుగెత్తమని పోరుతున్నాయి. ఒడ్డు ఎదురుగానే ఉంది. అతను పళ్లు కరుచుకుని, మొలలోని స్ఫటికాన్ని నీళ్లలోనే ఒక చేత్తో తడిమి తీసి, బండ మీద పెట్టాడు. అందులో కువలయ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఆమెకూ రొమ్ము దాకా మంచు, అతనికీ రొమ్ము దాకా నీళ్లు.

"అన్నయ్యా, ఏం చేస్తున్నావు?" అంది భయంగా.

"చూడాలన్నావుగా తల్లీ," అన్నాడు మణికేతుడు, పెదాలు నీలంగా మారి మాట తడబడుతుండగా. "చూడు. నిలబడ్డాను."